గడ్డుకాలాన్ని దాటే వ్యాపారం

రేపు గిరాకీ ఎలా ఉంటుందో, ముడిసరుకు ధర ఎటు పోతుందో తెలియని రోజుల్లో కూడా జీతాలు వేళకు ఇస్తూ, వాయిదాలు కడుతూ, నాణ్యత తగ్గనివ్వకుండా నడిచే వ్యాపారమే నిలదొక్కుకున్న వ్యాపారం. గడిచిన పదేళ్లలో మన చిన్న వ్యాపారులకు ఈ పరీక్ష పదేపదే ఎదురైంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. చలామణిలో ఉన్న డబ్బు విలువలో దాదాపు 86 శాతం ఒక్క ప్రకటనతో చెల్లకుండా పోయింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి లెక్కలు రాసే తీరునే మార్చేసింది. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్‌తో షట్టర్లు దిగాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులో అధిక భాగం మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వీటిలో జీఎస్టీ రాక ఒక్కటే ముందుగా తెలిసింది. మిగతా మూడూ సిద్ధపడే వ్యవధి ఇవ్వకుండా వచ్చిపడ్డాయి.

అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో వెలువరించిన ‘రిస్క్, అన్‌సర్టెంటీ అండ్ ప్రాఫిట్’ అనే పుస్తకంలో ఒక విభజన చేశాడు. లెక్కకు అందే ప్రమాదం వేరు, లెక్కకు అందని అనిశ్చితి వేరు అన్నాడు. గోదాములో నిప్పంటుకోవడం, సరుకు లారీ బోల్తా పడటం మొదటి కోవలోకి వస్తాయి. వేల గోదాముల అనుభవం నుంచి వాటి అవకాశాన్ని అంచనా కట్టవచ్చు. కొంత ప్రీమియం చెల్లించి ఆ భారాన్ని బీమా కంపెనీ మీద పెట్టవచ్చు. ఒక దేశాధ్యక్షుడు రాత్రికి రాత్రి సుంకం పెంచడం రెండో కోవకు చెందుతుంది. దాన్ని ఏ పట్టికా ముందుగా చెప్పలేదు.

మొదటి రకానికి మందు సులువుగానే దొరుకుతుంది. విచిత్రంగా, చాలామంది దాన్నే వదిలేస్తారు. మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల లోపు ఉన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీ అందుబాటులో ఉంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద వంటివి అందులో ఉంటాయి. బ్యాంకు అప్పుతోపాటు వచ్చిన బీమా ఉందిగదా అని ఊరుకోవడం ప్రమాదం. 20 లక్షల సరుకుకు 10 లక్షలకే బీమా ఉంటే, 4 లక్షల నష్టం జరిగినప్పుడు చేతికొచ్చేది 2 లక్షలే. ఎంత విలువకు బీమా చేశారో ఆ నిష్పత్తిలోనే పరిహారం లెక్కగడతారు. పైన చెప్పిన పాలసీలో 15 శాతం దాకా ఉన్న కొరతను మాత్రం పట్టించుకోరు.

రెండో రకానికి బీమా లేదు కాబట్టి వ్యాపారి గడువును సంపాదించుకోవాలి. దెబ్బ తగిలిన రోజు నుంచి దారి మార్చుకునే రోజు దాకా దుకాణం తెరిచి ఉంచగలిగితే చాలావరకు గట్టెక్కినట్టే. కొత్త కొనుగోలుదారును వెతకడానికి నెలలు పడుతుంది. ధర మార్చడానికి, సరుకు మార్చడానికి, బ్యాంకుతో మాట్లాడుకోవడానికి కూడా రోజులు కావాలి. గల్లాలో డబ్బు, తక్కువ స్థిర ఖర్చు, వేళకు వసూలయ్యే బాకీ, ఒకరి మీదే ఆధారపడని గిరాకీ, ఇవన్నీ ఆ రోజులను కొనిపెట్టేవే. వాటిని మంచిరోజుల్లోనే సమకూర్చుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం ఉండదు.

లాభం ఉన్నా డబ్బు లేకపోవడం

అమెరికాలో జేపీ మోర్గాన్ ఛేజ్ ఇన్‌స్టిట్యూట్ 2016లో దాదాపు 6 లక్షల చిన్న వ్యాపారాల బ్యాంకు ఖాతాలను పరిశీలించింది. రాబడి పూర్తిగా ఆగిపోతే చేతిలో ఉన్న డబ్బుతో ఎన్ని రోజులు ఖర్చులు నడుస్తాయన్నది ప్రశ్న. మధ్యస్థంగా ఉన్న వ్యాపారానికి వచ్చిన సమాధానం 27 రోజులు. హోటళ్లకైతే 16 రోజులే. సంపన్న దేశంలోనే పరిస్థితి ఇదైతే, నాలుగేళ్ల తరవాత ప్రపంచమంతా నెలల తరబడి మూతపడినప్పుడు అన్నేసి హోటళ్లు మళ్లీ ఎందుకు తెరుచుకోలేదో తేలిగ్గానే అర్థమవుతుంది.

లాభనష్టాల పట్టీ చూసి వ్యాపారం ఆరోగ్యంగా ఉందనుకోవడం పొరపాటు. గుంటూరు దగ్గర ఒక పచ్చళ్ల తయారీ యూనిట్ ఉందనుకుందాం. ఏడాది సగటున నెలకు 6 లక్షల రూపాయల అమ్మకం. ఆవకాయ కాయ దొరికేది వేసవిలోనే. కొత్త మిర్చి యార్డుకు వచ్చేది ప్రధానంగా ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యలో. ఏడాది పొడుగునా అమ్మే సరుకుకు కాయ, కారం, నూనె, ఆవపిండి ఆ కొద్ది వారాల్లోనే కొనాలి. అందుకు 12 లక్షలు ఒకేసారి కావాలి. మార్కెట్ యార్డులో రొక్కం ఇవ్వాలి. ముక్కలు కొట్టే కూలీలకు ఏ రోజు డబ్బు ఆ రోజే. తయారైన పచ్చడి మాత్రం జాడీల్లో నెలలపాటు కదులుతుంది. దాన్ని తీసుకున్న సూపర్ మార్కెట్ 60 రోజులకు గానీ డబ్బు ఇవ్వదు. పుస్తకాల్లో నెలకు 70 వేల లాభం కనిపిస్తుంటే, మే నెల చివర్లో యజమాని కరెంటు బిల్లుకు వెతుక్కుంటూ ఉంటాడు.

ఈ యూనిట్‌కు గిరాకీ పెరిగితే ఇబ్బంది తగ్గుతుందనుకుంటారు గానీ పెరుగుతుంది. అంతా 60 రోజుల అరువు మీద అమ్మితే ఎప్పుడు చూసినా 12 లక్షలు బయటే ఉంటాయి. అమ్మకం నెలకు ఏడున్నర లక్షలైతే బయట ఉండే బాకీ 15 లక్షలవుతుంది. ఆ అదనపు 3 లక్షలు ఎక్కడినుంచో తేవాలి. వేగంగా ఎదుగుతున్న వ్యాపారాలు నిండుగా ఆర్డర్లు ఉండగానే కుప్పకూలడానికి చాలాసార్లు ఇదే కారణం.

దీనికి అనుభవజ్ఞులైన అకౌంటెంట్లు వాడే సాధనం పదమూడు వారాల పట్టిక. ఒక కాగితం మీద రాబోయే మూడు నెలలను వారాలుగా గీసి, ఏ వారం ఎవరి దగ్గర నుంచి నిజంగా ఎంత డబ్బు చేతికొస్తుంది, ఎవరికి ఎంత కట్టాలి అన్నది వేస్తారు. బిల్లు వేసిన తేదీని వదిలేసి డబ్బు జమయ్యే తేదీని పట్టుకోవడమే అందులో కిటుకు. అడ్డంగా కూడుకుంటూ పోతే ఎనిమిదో వారంలో లక్షన్నర కొరత పడుతుందని ఈ రోజే తెలిసిపోతుంది. ఏడు వారాల ముందు తెలిసిన కొరతకు మందు ఉంటుంది. అదే కొరత మర్నాడు పొద్దున తెలిస్తే వడ్డీ వ్యాపారి ఇల్లే దిక్కు.

మరి చేతిలో ఎంత ఉంచుకోవాలి? వ్యాపారాన్ని బట్టి ఇది మారుతుంది. అమ్మకం ఉన్నా లేకపోయినా కట్టక తప్పని ఖర్చులకు మూడు నెలల మొత్తం పక్కన పెట్టడం మామూలు సలహా. పచ్చళ్లలా ఒక సీజన్ మీద నడిచే వాటికి ఇంకాస్త కావాలి. ఆ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి. నడుస్తున్న ఖాతాలోనే కలిపి ఉంచితే దసరా సరుకుకో, ఇంట్లో పెళ్లికో అయిపోతుంది. మన దగ్గర చిన్న వ్యాపారాల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఇల్లూ దుకాణమూ ఒకే గల్లాపెట్టెతో నడపడం. యజమాని తనకు తాను నెలకింత అని జీతం రాసుకుని, ఇంటి ఖర్చు ఆ మొత్తంలోనే జరుపుకుంటే తప్ప వ్యాపారం నిజంగా ఎంత సంపాదిస్తోందో తేలదు.

కదలని ఖర్చు

అదే యూనిట్‌ను ఇంకోవైపు నుంచి చూద్దాం. నెలకు 6 లక్షల అమ్మకంలో 60 శాతం, అంటే 3 లక్షల 60 వేలు, సరుకుతోపాటు పెరిగి తరిగే ఖర్చు. కాయ, నూనె, సీసాలు, కూలి, రవాణా ఇందులోకి వస్తాయి. అద్దె, పర్మినెంటు సిబ్బంది జీతాలు, బ్యాంకు వాయిదా, కరెంటు కనీస చార్జీ కలిపి లక్షా 70 వేలు. ఇవి అమ్మకంతో నిమిత్తం లేకుండా కట్టాల్సినవి. మిగులు 70 వేలు. ప్రతి వంద రూపాయల అమ్మకంలో 40 రూపాయలు స్థిర ఖర్చుల్ని తీర్చడానికి మిగులుతున్నాయి కాబట్టి, లాభం నష్టం లేకుండా బయటపడాలంటే నెలకు 4 లక్షల 25 వేల అమ్మకం కావాలి. గిరాకీ 29 శాతం పడిపోయినా ఈ యూనిట్ నష్టంలోకి జారదు.

ఇప్పుడు మంచి రోజులొచ్చాయని యజమాని సొంత షెడ్డు కట్టి, కొత్త ప్యాకింగ్ యంత్రం తెచ్చాడనుకుందాం. నెలకు 50 వేల వాయిదా పెరిగింది. స్థిర ఖర్చు 2 లక్షల 20 వేలైంది. గట్టున పడాలంటే ఇక మీదట కావాల్సిన అమ్మకం ఐదున్నర లక్షలు. అమ్మకం మునుపటిలాగే 6 లక్షల దగ్గర ఆగిపోతే, 8 శాతం తగ్గుదలకే లాభం ఆవిరవుతుంది. అనుకున్నట్టు గిరాకీ పెరిగి ఏడున్నర లక్షలకు చేరినా నెలకు మిగిలేది 80 వేలే. అంటే అమ్మకం నాలుగో వంతు పెరిగితే లాభం 10 వేలు పెరిగింది. షెడ్డు కట్టడం తప్పని దీనర్థం కాదు. ఆ వాయిదా మొదలయ్యేలోపు కొత్త అమ్మకం కచ్చితంగా వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు లేకుండా కట్టడం తప్పు.

అందుకే అనిశ్చిత కాలంలో కొనడం కంటే అద్దెకు తీసుకోవడం, సొంత యంత్రం కంటే సగం రోజులు ఖాళీగా ఉన్న పక్కవాడి యంత్రాన్ని జాబ్ వర్క్ మీద వాడుకోవడం మేలు. ఒక్కో వస్తువుకు ఖర్చు కాస్త ఎక్కువ పడుతుంది. ఆ ఎక్కువను అవసరమైనప్పుడు ఆపేసే స్వేచ్ఛకు ఇచ్చే ధరగా చూడాలి. జీతాల విషయంలో మాత్రం ఈ సూత్రాన్ని మొండిగా వాడకూడదు. ఉప్పు, కారం పాళ్లు చేతి అంచనాతో చెప్పగల మనిషిని ఖర్చు తగ్గింపు పేరుతో పంపేస్తే, గిరాకీ తిరిగొచ్చిన రోజున రుచి తిరిగిరాదు.

ఎవరి బాకీ, ఎవరి వడ్డీ

మన మార్కెట్‌లో పెద్దవాళ్లు చిన్నవాళ్ల డబ్బుతో వ్యాపారం చేస్తారు. ఇది మర్యాదగా చెప్పినా మర్యాదగా ఉండని నిజం. సరుకు తీసుకుని మూడు, నాలుగు నెలలు డబ్బు ఆపే కంపెనీ, సరఫరాదారు నుంచి వడ్డీ లేని అప్పు తీసుకుంటున్నట్టే. ఆ సరఫరాదారు మాత్రం బ్యాంకుకు వడ్డీ కడుతూ ఉంటాడు.

దీన్ని అడ్డుకోవడానికే 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు లేదా సేవ తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులోని గడువుకు, అది ఎంతైనా గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని, నెలవారీ చక్రవడ్డీగా కట్టాలి. 2017 అక్టోబరులో మొదలైన సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే అది రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది. 2023 కేంద్ర బడ్జెట్‌తో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన నిబంధన ఇంకా పదునైనది. గడువులోగా ఇవ్వని బాకీని, సరుకు కొన్న కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. నిజంగా డబ్బిచ్చిన ఏడాదిలోనే చూపుకోవాలి.

ఈ రక్షణలు ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ, చిన్న సంస్థలుగా నమోదైనవారికి ఉపయోగపడతాయి. రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ వివరాలతో ఆన్‌లైన్‌లోనే అవుతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిధులు కూడా పెరిగాయి. పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్ల లోపు ఉంటే సూక్ష్మ సంస్థ. 25 కోట్లు, 100 కోట్ల లోపు చిన్న సంస్థ. ఒక్క మెలిక ఉంది. టోకు, చిల్లర వర్తకులకు 2021లో ఉద్యమ్ నమోదు కల్పించినా, అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. ఆలస్య చెల్లింపుల రక్షణ వస్తువు తయారుచేసేవారికీ సేవలందించేవారికీ తప్ప కొని అమ్మేవారికి లేదు.

చట్టం చేతిలో ఉన్నా, ఉన్న ఒక్క పెద్ద కొనుగోలుదారు మీద ఫిర్యాదు పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అలాంటివారికి ట్రెడ్స్ వేదికలు మెరుగైన దారి. రిజర్వు బ్యాంకు అనుమతితో 2017 నుంచి నడుస్తున్న ఈ ఆన్‌లైన్ వేదికల్లో, కొనుగోలుదారు ఒప్పుకున్న బిల్లును బ్యాంకులు పోటీపడి డిస్కౌంటు మీద కొంటాయి. సరఫరాదారుకు కొద్ది రోజుల్లోనే డబ్బు అందుతుంది. గడువు తేదీకి కంపెనీ కట్టకపోయినా బ్యాంకు ఆ కంపెనీ వెంటే పడుతుంది తప్ప చిన్నవాడి మీదికి రాదు. 250 కోట్లకు పైబడిన టర్నోవరు ఉన్న కంపెనీలు వీటిలో చేరడం ఇప్పుడు తప్పనిసరి.

ఒక్క చెరువు, ఒక్క దేశం

ఒకే రకం మీద, ఒకే గిరాకీ మీద ఆధారపడితే ఏమవుతుందో ఆంధ్ర తీరపు రొయ్యల రంగం రెండుసార్లు చూసింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కాసులు కురిపించింది. నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా వరి పొలాలు చెరువులయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రంగం మళ్లీ లేచింది 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చాకే. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానికి చెందిన ఈ రకాన్ని వ్యాధి లేని తల్లి రొయ్యల నుంచి ఉత్పత్తి చేయవచ్చు, చెరువులో ఒత్తుగా పెంచవచ్చు. తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచి విమానంలో వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాక హ్యాచరీలకు చేరతాయి. పెరిగిన రొయ్యలో పెద్ద వాటా మళ్లీ అమెరికాకే వెళ్తుంది. 2024-25లో దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ దాదాపు 745 కోట్ల డాలర్లు. అందులో మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యలవి. వాటికి అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా, అతిపెద్ద ఉత్పత్తిదారు ఆంధ్రప్రదేశ్.

2025 ఏప్రిల్‌లో అమెరికా అదనంగా 10 శాతం సుంకం వేసింది. ఆగస్టు 7న అది 25 శాతమైంది, ఆగస్టు 27న 50 శాతం. అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కలిపితే అప్పట్లో అది దాదాపు 58 శాతమైంది. పోటీదారైన ఈక్వెడార్ మీద అదనపు సుంకం 15 శాతం దగ్గరే ఆగింది.

ఈ దెబ్బ చెరువు గట్టు మీదికి చేరిన తీరు గమనించాలి. రొయ్య ధర కౌంటు మీద నడుస్తుంది. కిలోకు 100 తూగితే 100 కౌంటు, 30 తూగితే 30 కౌంటు. పెద్ద రొయ్యకు మంచి ధర వస్తుంది కాబట్టి రైతు 30 కౌంటు దాకా పెంచాలని చూస్తాడు. ధర పడిపోయిన రోజున మిర్చి రైతులా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ఆగే వీలు అతనికి లేదు. రొయ్య చెరువులో ఉన్నన్ని రోజులూ మేత తింటుంది, ఏరియేటర్లు రాత్రింబవళ్లు తిరగాలి, వ్యాధి భయం ఉండనే ఉంటుంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే. ధర కోసం ఆగితే రోజూ ఖర్చు, ఆగకుండా రొయ్యలు పట్టి అమ్మేస్తే నష్టం. గడువు బొత్తిగా లేని వ్యాపారం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

తట్టుకున్నవారు లేకపోలేదు. ఐరోపా, జపాన్, చైనా మార్కెట్లకు ముందునుంచీ సరుకు పంపుతున్న ప్లాంట్లు అమెరికా లోడ్లను అటు మళ్లించుకోగలిగాయి. 2025 సెప్టెంబరులో ఐరోపా యూనియన్ మన దేశానికి చెందిన మరో 102 యూనిట్లకు అనుమతి ఇచ్చింది. అవి ఆ నెలలో అడిగితే వచ్చినవి కావు. యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు, ఏ చెరువు సరుకు ఏ డబ్బాలోకి వెళ్లిందో చెప్పగల రికార్డులు ఏళ్లపాటు సరిగా ఉంచినందుకు దక్కినవి. రైతుల్లో కూడా కొన్ని చెరువుల్లో శీలావతి, బొచ్చె పెంచుతున్నవారికి కాస్త ఊరట ఉంది. ఆ చేప బెంగాల్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు పోతుంది. వాషింగ్టన్ నిర్ణయాలతో దానికి పనిలేదు.

సిరిసిల్ల కథలో కొనుగోలుదారు ప్రభుత్వమే. పాలిస్టర్ గుడ్డ నేస్తూ బతుకీడుస్తున్న అక్కడి మరమగ్గాలకు 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన బతుకమ్మ చీరల పథకం ఊపిరి పోసింది. ఏటా దాదాపు కోటి చీరలంటే మామూలు గిరాకీ కాదు. ప్రభుత్వం మారాక 2024లో ఆ చీరల పంపిణీ ఆగింది. మగ్గాలు ఆగాయి, పాత బకాయిల కోసం ఎదురుచూపులు మిగిలాయి. మరుసటి ఏడాది స్వయం సహాయక సంఘాల మహిళల కోసం ఇందిరమ్మ చీరల ఆర్డరు వచ్చి పని మళ్లీ మొదలైంది. అంటే వేల కుటుంబాల పూట ఒక ప్రభుత్వ నిర్ణయం మీద ఆధారపడి ఉంది. అలాంటి ఆర్డరును వద్దనమని ఎవరూ చెప్పరు. అది ఉన్న ఏడేళ్లలో బయటి మార్కెట్‌కు పనికొచ్చే డిజైన్లు, రంగులు, సొంత పేరు సంపాదించుకోవడానికి తగిన సాయం అక్కడి నేతన్నలకు అందాల్సింది.

ఏ ఒక్క కొనుగోలుదారూ మొత్తం అమ్మకంలో మూడో వంతు దాటకుండా చూసుకోవడం మంచి హద్దు. కొత్తగా మొదలుపెట్టినవారికి అది సాధ్యపడదు. అలాంటప్పుడు ఆ పెద్ద కొనుగోలుదారు కోసం ప్రత్యేకంగా యంత్రం కొనడం, అప్పు చేయడం మాత్రం చేయకూడదు. ముడిసరుకు వైపు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. గుంటూరు యార్డులో 2023లో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి, 2025 మొదట్లో అందులో సగానికి దిగింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్యానికి ఒప్పుకోవాల్సివచ్చింది. రైతుకు అది కన్నీళ్లు, కారం పట్టించేవాడికి చవక. రెండేళ్ల తరవాత పాత్రలు తారుమారు కావచ్చు. ఏడాది సరుకంతా ఒకే రోజు ధరకు కొనకుండా మూడు నాలుగు విడతలుగా కొనేవాడు అతి చవకగా కొనలేకపోవచ్చు, అతి ఖరీదుగా కూడా కొనడు.

అప్పు

అప్పు లేకుండా వ్యాపారం ఎదగడం అరుదు. ఏ అవసరానికి ఏ అప్పు అన్నదే తేడా. సరుకు కొని, అమ్మి, డబ్బు రాబట్టే చక్రానికి క్యాష్ క్రెడిట్ ఖాతా. ఏళ్లపాటు పనిచేసే యంత్రానికి టర్మ్ లోన్. క్యాష్ క్రెడిట్ పరిమితి ఖాళీగా ఉందని దాంతో స్థలమో యంత్రమో కొన్నవాడికి, సీజన్ వచ్చేసరికి సరుకు కొనడానికి డబ్బుండదు. ఈ ఖాతాలో మరో చిక్కు కూడా ఉంది. నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటును బట్టి ఎంత వాడుకోవచ్చో బ్యాంకు లెక్కగడుతుంది. గిరాకీ తగ్గితే సరుకు, రావాల్సిన బాకీలు తగ్గుతాయి. దాంతో వాడుకునే హద్దు కూడా తగ్గిపోతుంది. సరిగ్గా డబ్బు అవసరమైనప్పుడే బ్యాంకు చేయి వెనక్కి పోతుందని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి అది 24 శాతం. వందకు పది, పదిహేను మిగిలే వ్యాపారం ఆ వడ్డీని ఎక్కువ కాలం మోయలేదు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేనివారికి 2000లో కేంద్రం, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకైన సిడ్బీ కలిసి నెలకొల్పిన సీజీటీఎంఎస్‌ఈ ట్రస్టు హామీ ఉంటుంది. ఆ హామీ పరిమితి ఇప్పుడు 10 కోట్లు. లాక్‌డౌన్ కాలంలో 2020 మేలో ప్రకటించిన అత్యవసర రుణ పథకంలో, 2020 ఫిబ్రవరి 29 నాటి బాకీలో 20 శాతం అదనపు రుణం పూచీకత్తు లేకుండా ఇచ్చారు. అది అందినవారిలో ఎక్కువమంది అప్పటికే బ్యాంకు పుస్తకాల్లో సక్రమంగా ఉన్నవారే. చేబదుళ్ల మీద నడిచినవారికి అది చేరలేదు.

వాయిదా తప్పబోతున్నప్పుడు బ్యాంకుకు మొహం చాటేయడం అన్నింటికన్నా ఖరీదైన తప్పు. బాకీ 30 రోజుల్లోపు ఉంటే ఒక హెచ్చరిక వర్గం, 31 నుంచి 60 రోజులకు ఇంకొకటి, 61 నుంచి 90 రోజులకు మరొకటి. 90 రోజులు దాటితే మొండి బాకీ. 2016లో రిజర్వు బ్యాంకు జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం, 25 కోట్ల లోపు రుణం ఉన్న చిన్న సంస్థ తన ఇబ్బందిని తానే ముందుగా బ్యాంకుకు రాసి, వాయిదాల సవరణ కోరవచ్చు. దాన్ని పరిశీలించడానికి బ్యాంకుల్లో కమిటీలు ఉండాలి. ఆ ఉత్తరం మొదటి నెలలో వెళ్తే దారులు ఎక్కువ.

ఎదిగే వేళ

గడ్డుకాలంలో ఎదగడం అసాధ్యం కాదు. మూతపడిన దుకాణాల అద్దెలు దిగుతాయి, వాడిన యంత్రాలు సగం ధరకు దొరుకుతాయి, పనితెలిసిన మనుషులు ఖాళీగా ఉంటారు. చేతిలో డబ్బున్నవాడు వీటిని అందుకోగలడు. కొత్త సరుకును చిన్న మొత్తంలో తయారుచేసి, ఒక ఊళ్లో అమ్మిచూసి, డబ్బు తిరిగొచ్చాక రెండో ఊరికి వెళ్లడం నిదానమైన పద్ధతే. పోతే పోయే మొత్తం ముందే తెలిసి ఉండటం దాని బలం. ధర తగ్గించి గిరాకీ కాపాడుకోవాలన్న ఆత్రం ఈ రోజుల్లో సహజం. వందకు 40 మిగిలే సరుకు మీద 10 రూపాయలు తగ్గిస్తే అదే మిగులు కోసం మూడో వంతు ఎక్కువ అమ్మాలి. చిన్న ప్యాకెట్టు తేవడం, అమ్ముడుపోని రకాలు ఆపేయడం, వాడకందారుకు నిజంగా పనికొచ్చే సేవ చేర్చడం అంతకంటే నయం.

చిన్న వ్యాపారాల్లో అన్నింటికంటే పెద్ద ఆధారం యజమానే. దీని గురించి తక్కువగా మాట్లాడతారు. సరఫరాదారు ఫోన్ నంబరు, నోటిమాట మీద ఇచ్చిన అరువులు, బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ ఉన్న సిమ్ అన్నీ ఒకే మనిషి దగ్గర ఉంటే, ఆ మనిషి నెల రోజులు ఆస్పత్రిలో ఉన్నా చాలు, వ్యాపారం ఆగిపోతుంది. కరోనా కాలంలో ఎన్నో కుటుంబాలు దీన్ని అనుభవించాయి. సొంత పేరు మీద నడిచే సంస్థ ఖాతాకు కూడా నామినీని పెట్టవచ్చు, చాలామంది పెట్టరు. యజమాని చనిపోతే వారసులు తమ పేరున కొత్త జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని, ఐటీసీ-02 ఫారం ద్వారా మిగిలిన పన్ను క్రెడిట్‌ను బదలాయించుకోవాలి. భాగస్వామ్య సంస్థల్లోనైతే 1932 నాటి చట్టం ప్రకారం, ఒప్పంద పత్రంలో వేరే ఏమీ రాసుకోకపోతే ఒక భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. మిగిలినవారు కొనసాగించవచ్చనీ, చనిపోయినవారి వాటాను ఏ లెక్కన, ఎన్ని వాయిదాల్లో కుటుంబానికి ఇవ్వాలనీ ఆ పత్రంలో రాసుకుంటే, సంస్థ నడుస్తుంది, ఆ కుటుంబానికి రావాల్సిందీ అందుతుంది.